ఒక వరస కిందికి జరిగిన మాటలు

బందరులో కోర్టుకి వెళ్లే రోడ్డు మీద, ఒక మేడ పైవాటాలో నేను కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. కింది వాటాలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పైన మా బోర్డు కట్టిన ఏడాదికే కింద మిషన్ల చప్పుడు పల్చబడింది. టైపు లోయర్ పరీక్షకి ఫీజు కడదామని వచ్చిన పిల్లలు గుమ్మంలో కాసేపు తటపటాయించి, మెట్లెక్కి మా దగ్గరికి వచ్చేసేవాళ్లు. కింద మేష్టారికి అప్పటికే అరవై దాటాయి. ఆయన మా మీద కోపం పెట్టుకోలేదు. మెట్లు తన గుమ్మం పక్కనే కాబట్టి పిల్లలు వెళ్తూ వెళ్తూ ఒక నమస్కారం పెడుతున్నారనీ, అది చాలనీ అనేవారు. ఆయన స్థానంలో నేనుంటే ఆ పిల్లల మొహాలు ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకుని కక్ష కట్టేదాన్ని.

ఆదివారం సెంటర్‌కి సెలవు. సెలవునాడు నాకు వెళ్లడానికి చోటు లేదు. గుడివాడలో అన్నయ్య ఇల్లుంది, పాసింజర్ ఎక్కితే ఎంతో దూరం కాదు. అక్కడ నాకు మంచం ఉండేది గానీ చోటు ఉండేది కాదు. వదిన మంచిది. నేను తిన్న కంచం నన్ను కడగనిచ్చేది కాదు. ఆ కడగనివ్వకపోవడంలోనే నేను చుట్టాన్నని తెలిసిపోయేది. బందరులో నా అద్దెగది ఒక పెంకుటింటికి వెనకవైపు. ఇంటావిడ గడప అవతలే నిలబడి నీళ్లొచ్చాయని చెప్పి వెళ్లిపోయేది. ఆ గదిలో ఉన్నన్నాళ్లూ రెండో గ్లాసు కొనాల్సిన అవసరం నాకు రాలేదు. అందుకని ఆదివారం కూడా సెంటర్‌కే వెళ్లి, ఫ్యాన్ వేసుకుని, ఒక మిషన్ ముందు కూర్చునేదాన్ని.

నాకు ఒక స్నేహితురాలు ఉండేది. ఉండేది అనడం తప్పు, ఉంది. కాకపోతే దివిసీమలో ఉంది. గుడివాడలో ఇద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం, ఒకే కంప్యూటర్ కోర్సు చేశాం. లెక్కల పుస్తకం వెనక పేజీల్లో జవాబులుంటాయి కదా, నేను ముందు అవి చూసుకుని లెక్క మొదలుపెట్టేదాన్ని. తను చచ్చినా చూసేది కాదు. అది పుస్తకం రాసినాయన మీద నమ్మకద్రోహం అనేది. కోర్సయ్యాక గుడివాడలోనే కాలేజీ ఎదురుగా మేమిద్దరం ఒక సెంటర్ పెట్టాలని అనుకున్నాం. బోర్డు మీద అక్షరాలు నీలమా ఎరుపా అని పోట్లాడుకుని ఒకరోజంతా మాట్లాడుకోలేదు కూడా. ఆ నీలం ఎరుపు తేలకముందే తనకి సంబంధం కుదిరింది. నాగాయలంక దాటాక ఒక ఊరు. వాళ్లకి రొయ్యల చెరువులు, రెండంతస్తుల ఇల్లు.

పెళ్లికి వాళ్ల ఊరు వెళ్లాను. అక్షింతలు వేశాను. భోజనం చెయ్యకుండా వచ్చేశాను. బస్సు టైమైందన్నాను. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టు, బస్సులు ఆ దారిలో సాయంత్రం దాకా ఉన్నాయి. పెళ్లిలో విస్తరి ముందు కూర్చోకుండా వచ్చేయడమంటే మా వైపు ఏమిటో అందరికీ తెలుసు. తనకి ఇంకా బాగా తెలుసు. నాకు అలక ఎక్కువ, ఆ వయసులో అదేదో గొప్ప గుణం అనుకునేదాన్ని.

తర్వాత ఫోన్ చేశాను. వాళ్ల ఫోన్ ముందు హాల్లో ఉండేది, మామగారు ఎత్తేవారు. ఎవరమ్మా, ఏ ఊరు, ఎవరమ్మాయివి అని అన్నీ కనుక్కుని లోపలికి కేకేసేవారు. తను వచ్చి బాగున్నావా అనేది. బాగున్నాను అనేదాన్ని. పక్కన పేపరు తిప్పుతున్న చప్పుడు నాకు వినిపిస్తుండేది. ఇంకేమిటే అనేది తను. ఇంకేం లేదే అనేదాన్ని. సెంటర్ ఫోన్‌కి ఎస్టీడీ లేదు. బూత్‌లో మీటరు ఎర్రగా తిరుగుతుంటే చెప్పాల్సినవేవీ చెప్పకుండానే పెట్టేసేదాన్ని. ఒకసారి మాత్రం ఇంకేమిటే అన్నదానికి తనే జవాబు చెప్పింది. మేత లెక్కలకని ఇంట్లో కంప్యూటర్ కొన్నారట. కొన్న సీజన్‌లోనే చెరువులకి తెల్లమచ్చ జబ్బు వచ్చింది. రొయ్యలన్నీ పోయాయి, లెక్కలు లేవు. దసరాకి బొట్టుపెట్టి గుడ్డ కప్పి ఉంచారట. రోజూ దుమ్ము దులిపేది నేనేనే అంది.

బూత్‌లోంచి బయటికి వచ్చేసరికే నాకు ఆలోచన వచ్చేసింది. హాల్లో మామగారు వినేది ఫోనే కదా, ఫ్లాపీలో ఉన్న మాటలు ఆయన వినలేరు.

తనకోసం ఒక ఆట రాయడం మొదలుపెట్టాను. బొమ్మలుండవు, అంతా మాటలే. తెరమీద ఒక చోటు గురించి రెండు వాక్యాలు వస్తాయి. కింద 'ఏం చేస్తావు?' అని అడుగుతుంది. చూడు, తీసుకో, పలకరించు, తలుపు తట్టు అని కొడితే దానికి తగ్గ జవాబిస్తుంది. తెలుగు అక్షరాలు మా మిషన్లలో లేవు కాబట్టి తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాను. ఆట వాళ్ల ఊరి రేవులో మొదలవుతుంది. అవనిగడ్డ, పులిగడ్డ వారధి, చల్లపల్లి బస్టాండు దాటుకుంటూ రావాలి. మధ్యలో గుడివాడ వెళ్లాలి. అక్కడ స్టేషన్‌లో, చదువుకునే రోజుల్లో మేమిద్దరం కూర్చునే బెంచీ మీద టిఫిన్ డబ్బా పట్టుకుని నేను కూర్చుని ఉంటాను. చివరికి బందరు వచ్చి, ఈ మెట్లెక్కి, ఈ తలుపు తట్టాలి. అంటే ఆట పొడుగునా తను చెయ్యాల్సిన పని ఒకటే, నా దగ్గరికి రావడం. ఉన్న ఊరి నుంచి బస్సెక్కి రాలేని మనిషిని ఆటలోనైనా రప్పించుకుందామని. అది ఆడి తను ఒక్క మాట తిరిగి పలికితే పెళ్లిభోజనం సంగతి తీరిపోతుందని నా ఆశ.

సగానికి వచ్చేసరికి మిషన్ మొండికేసింది. మాటలకి ఇక చోటు లేదని ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి ఆగిపోయింది. అప్పటి మిషన్ల మెమరీ ఎంతని? మేం వాడే బేసిక్ భాష అందులో మాటల కోసం విడిచిపెట్టే చోటు ఇంకా తక్కువ. నేనేమో 'ఏం చేస్తావు?' దగ్గర్నుంచి 'అది నీ వల్ల కాదు', 'ఆ మాట నాకు అర్థం కాలేదు', 'అది ఇప్పటికే నీ చేతిలో ఉంది' దాకా ప్రతి పలకరింపూ, ప్రతి విసుగూ ప్రోగ్రాములోనే కుక్కేశాను. ఊళ్లు తీసేద్దామంటే మనసు ఒప్పలేదు. చల్లపల్లి తీసేస్తే తను బందరు ఎలా వస్తుంది?

ఆఖరికి ఇరుకింట్లో సామాను అటకెక్కించినట్టు చేశాను. ఊళ్లూ దారులూ 'ఏం చేస్తావు?' అన్న ప్రశ్నా ప్రోగ్రాములో ఉంచి, మిషన్ ఆటగత్తెతో మాట్లాడే మిగతా మాటలన్నీ ఊడదీసి బయట వేరే ఫైల్లో పెట్టాను. ఫైల్లో ఒక్కో మాటకి ఒక్కో అర. అరకి అరవైనాలుగు అక్షరాలు, అంతకంటే పట్టదు. ప్రోగ్రాములో ఇక మాటలుండవు, అర నంబరే ఉంటుంది. అవసరమైనప్పుడు ఆ నంబరు అర తెరిచి, అందులో ఉన్నది తెచ్చి, తెరమీద చూపించి, మరిచిపోతుంది. ఎన్ని మాటలున్నా మెమరీలో ఉండేది ఒక్కటే. ఈ ఉపాయం పారిన రోజున చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేక, కిందికి దిగి మేష్టారికి చెప్పాను. ఆయనకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా చాలా బాగుందమ్మాయ్ అన్నారు.

అరవైనాలుగు అక్షరాల్లో ఒదగని మాటని రెండు అరల్లోకి విరిచేదాన్ని. ఆట ముగింపు అలాంటిదే. తను తలుపు తడుతుంది. అప్పుడు మొదటి అరలోంచి 'ఆట అయిపోయింది. చీకటి పడకముందే ఇంటికి వెళ్లు' అని వస్తుంది. ఆ వెంటనే రెండో అర, మొత్తం ఫైల్లోకల్లా ఆఖరిది: 'వెళ్లి మళ్లీ రావే. ఆదివారాలు ఒక్కదాన్నే ఉంటా. ఫోన్ చెయ్యి.' ఇన్ని అరలూ, ఇన్ని ఊళ్లూ ఆ ఒక్క అర కోసం రాశాను. మిగతావన్నీ దానికి తోవ.

మాటలు బయటికి వచ్చాక ఇంకో సౌకర్యం కలిసొచ్చింది. ప్రోగ్రాము ముట్టుకోకుండా ఎవరైనా వాటిని టైపు చెయ్యొచ్చు. మేష్టారు ఆదివారాలు పైకి వచ్చి నా చిత్తుప్రతి చూసి కొట్టేవారు. ఒక వరసకి ఒక మాట. కీబోర్డు మరీ మెత్తగా ఉందనీ, కొట్టినట్టే లేదనీ గొణిగేవారు. వరస మాత్రం మార్చకండి మేష్టారూ, ఎన్నో వరసైతే అదే నంబరు అని ఆయనకి మొదటిరోజే చెప్పాను. ఆయన కొట్టిన కాగితంలాంటి ఫైలుని నా చిన్న ప్రోగ్రాము ఒకటి వరసలవారీగా అరల్లోకి సర్దేసేది. ఆ ఆదివారాలు నాకు బాగుండేవి. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు, ఆయన టీ తాగేటప్పుడు మాత్రం వాళ్ల అమ్మాయి కబుర్లు చెప్పేవారు. ఆ అమ్మాయిని అవనిగడ్డలో ఇచ్చారు. అందుకే, ఆట పూర్తయ్యాక, ఈసారి అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఇంకాస్త ముందుకెళ్లి ఫ్లాపీ నేనే ఇచ్చొస్తానన్నారు.

వెళ్లేముందు ఆదివారం ఆయన అక్షరదోషాలు ఒకసారి చూస్తానని ఫైలు తెరిచి కూర్చున్నారు. అయిందన్నాక నేను అరల్లోకి సర్దేసి ఫ్లాపీలోకి ఎక్కించాను. ఆట అప్పటికే ఎన్నోసార్లు ఆడి చూసుకున్నదే, మళ్లీ ఆడలేదు. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, పైన రుమాలు కప్పుకుని బయల్దేరారు.

తిరిగొచ్చి, తన చేతికే ఇచ్చానని చెప్పారు. మజ్జిగ ఇచ్చిందట. అది బాగుందా అని నా గురించి అడిగిందట. ఫ్లాపీని రెండు చేతులా తీసుకుందట. ఆ రెండు చేతుల మాట నేను ఆయన చేత ఇంకోసారి చెప్పించుకున్నాను.

ఆ వచ్చే ఆదివారం పొద్దున్నే సెంటర్‌కి వెళ్లి ఫోన్ పక్కన కూర్చున్నాను. మోగలేదు. వంటపని ఉండి ఉంటుందనుకున్నాను. తర్వాతి ఆదివారం చుట్టాలొచ్చి ఉంటారనుకున్నాను. ఆ తర్వాత కరెంటు లేదేమోనన్నాను. కారణాలన్నీ నేనే కల్పించి, నేనే ఒప్పుకుని, అవి అయిపోయాక మూతి ముడుచుకున్నాను. నేను చెయ్యాల్సింది చేశాను, ఇక వంతు దానిది, దానికి పట్టకపోతే నాకేం పట్టింది అనుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు క్లాసులో పిల్లల మీద విసుక్కున్నాను. ఆట ఉన్న డైరెక్టరీ మళ్లీ తెరవలేదు. ఫోన్ నేనూ చెయ్యలేదు. బందరుకీ ఆ ఊరికీ బస్సు ఒక పూట దూరం. ఆ పూట దూరంలో ఏళ్లు గడిచిపోయాయి. ఆదివారాలు మాత్రం సెంటర్‌కి వెళ్లడం మానలేదు. ఫోన్ కోసం కాదని నాకు నేను చెప్పుకునేదాన్ని.

బస్టాండు దగ్గర ఏసీ గదులున్న పెద్ద సెంటర్ ఒకటి వచ్చాక మాది కునారిల్లింది. యజమాని మిషన్లన్నీ గంపగుత్తగా అమ్మేశాడు. ఇచ్చేముందు లోపల ఉన్నవన్నీ చెరిపెయ్యమని నాకు పని అప్పజెప్పాడు. ఒక్కో మిషన్ ఊడ్చుకుంటూ వచ్చి, కిటికీ పక్క పాతదాని దగ్గర ఆగాను. చెరిపేసేముందు ఒక్కసారి ఆడదామనిపించింది. శవానికి స్నానం చేయిస్తారు కదా, అలాంటి మర్యాద అనుకున్నాను.

రేవు వచ్చింది. రేవు గురించి నేను రాసిన రెండు వాక్యాలూ సరిగ్గానే ఉన్నాయి. చెయ్యి తిరగక మాట తప్పు కొట్టాను. 'ఆ మాట నాకు అర్థం కాలేదు' అనాల్సిన మిషన్ 'శ్రీరామ' అంది. ఇంకో తప్పు కొట్టాను. మళ్లీ 'శ్రీరామ' అంది. పోయేముందు దీనికి భక్తి పుట్టిందని నవ్వుకున్నాను కూడా. పడవ ఎక్కు అంటే 'ఆ మాట నాకు అర్థం కాలేదు' అంది. అప్పుడు నవ్వు ఆగిపోయింది. ఫైలు తెరిచి చూశాను. అన్నిటికంటే పైన, మొదటి వరసలో, పెద్దక్షరాల్లో శ్రీరామ అని ఉంది. దానికింద నా మొదటి మాట, ఆ అర్థం కాలేదు అన్నది, రెండో అరలోకి, రెండోది మూడో అరలోకి, ఫైలు పొడుగునా ప్రతి మాటా ఒక వరస కిందికి జరిగి ఉన్నాయి. ఊళ్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి. మిషన్ నోరు మాత్రం ప్రతిదానికీ పక్కదాని జవాబు చెప్తోంది.

అది తెలిశాక కూడా ఆట ఆపలేదు. తను చూసినవన్నీ చూడాలనిపించింది. గుడివాడ స్టేషన్‌కి వెళ్లాను. బెంచీ మీద టిఫిన్ డబ్బా పట్టుకుని నేను కూర్చుని ఉన్నాను. పలకరించు అని కొట్టాను. 'ఇంత ఆలస్యమా? నీకోసం మామిడికాయ ముక్క దాచాను' అని రావాలి. దాని పైవరసది వచ్చింది. 'ఇక్కడ నిన్ను ఎరిగినవాళ్లు ఎవరూ లేరు.' బందరు వచ్చాను, మెట్లెక్కాను, తలుపు తట్టాను. 'తలుపు తాళం వేసి ఉంది' అంది. ఆ వెంటనే, 'ఆట అయిపోయింది. చీకటి పడకముందే ఇంటికి వెళ్లు.' అంతే. ఆఖరి మాట అరలన్నీ దాటి కిందికి పడిపోయింది. ప్రోగ్రాముకి తెలిసిన నంబర్లలో అది లేదు. తను ఎన్నిసార్లు ఆడినా దాన్ని చూడలేదు.

తలుపు దగ్గరికి వేసి ఏడ్చాను. ఏళ్ల తరబడి తనని తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చాయి.

తర్వాత మొహం కడుక్కుని కిందికి దిగాను. మేష్టారు అప్పటికి పిల్లల్ని మానేసి, కోర్టు కాగితాలు కొట్టిపెడుతూ ఒక్క టైపు మిషన్‌తో ఉన్నారు. ఆయన కొడుతున్న కాగితం మీద కూడా నెత్తిన శ్రీరామ ఉంది. ఆ మిషన్ మీద ఆయన కొట్టిన ఏ కాగితానికైనా ఉండేది. ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నాను. ఆ ఫ్లాపీలో కూడా పెట్టారా మేష్టారూ అని అడిగాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో తెలియనట్టు చూశారు.

"పైఊరు వెళ్లే కాగితం కదమ్మాయ్, బోడిగా ఎలా పంపిస్తాం? వరస మార్చొద్దన్నావు, ఒక్కటి మార్చలేదు."

నిజమే, ఆయన వరస మార్చలేదు. మంచిపని చేశారండీ అని పైకి వచ్చేశాను. ఆ సంగతి ఆయనకి నేనెప్పుడూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే నాగాయలంక బస్సెక్కాను. సరిచేసిన ఫ్లాపీ సంచిలో ఉంది. నాగాయలంకలో దిగి ఇంకో బస్సెక్కి, రోడ్డు మీద దిగి, ఎండిన చెరువుల గట్ల మీదుగా నడిచాను. దారి ఎవరినీ అడగక్కర్లేకపోయింది. పెళ్లికి వచ్చినప్పుడు చూసి నేనే ఆటలో రాసుకున్న దారి. రెండంతస్తుల ఇంటికి సున్నం వేసి చాలాకాలమైనట్టుంది. తను వాకిట్లో మినుములు ఆరబోస్తోంది. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసింది. కాస్త లావైంది, ముందు జుట్టు నెరిసింది. లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్లకి ఇచ్చింది. తర్వాత కంచం పెట్టింది. ఎందుకొచ్చానని అడగలేదు, తినేదాకా ఎదురుగా కూర్చుంది. పెరుగన్నం దాకా తిన్నాను. పెళ్లినాడు వదిలేసిన విస్తరి మా ఇద్దరి మధ్యా ఉందని ఇద్దరికీ తెలుసు.

అత్తగారికి పక్షవాతం, లోపల మంచంలో ఉన్నారు. మామగారు పోయారు. పిల్లలు బడికెళ్లారు. వెనక అరుగు మీద కూర్చున్నాక, ఆట ఆడావా అని అడిగాను. తను కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆడాను. ఏదడిగినా మిషన్ ముందు గుర్రుమని చప్పుడు చేసేది, ఎర్రలైటు వెలిగేది. నువ్వు ఆలోచిస్తున్నావనుకునేదాన్ని. తర్వాత ఏదో పుల్లవిరుపుగా అనేది. నీ నోరు నాకు కొత్తా, పడ్డాను. అంత దూరం వచ్చి తలుపు తడితే తాళం వేసుందన్నావు. చీకటి పడకముందే ఇంటికి వెళ్లమన్నావు. పోనీ, వెళ్లిరా అని కూడా అనలేదే నువ్వు."

మా వైపు, అప్పులవాణ్ణి కూడా గుమ్మంలోంచి వెళ్లు అని పంపించం. వెళ్లిరా అంటాం. ఆ 'రా'ని నేను అక్షరాలు పట్టక పక్క అరలో పెట్టాను.

చెప్పడం మొదలుపెట్టాను. మెమరీ చాలక మాటలు బయట ఫైల్లో పెట్టాననేసరికే తనకి సగం అర్థమైపోయింది. నాకంటే చురుకైనది ఎప్పుడూ తనే. పైన ఏదో ఒక వరస చేరిందా అంది. అవునంటే, ఏం వరస అంది. చెప్పాను. నవ్వింది. గుడివాడ నవ్వే అది. తప్పు కొట్టినప్పుడల్లా మిషన్ శ్రీరామ అంటుంటే వెనకాల నిలబడి మామగారు తెగ మురిసిపోయారట. డబ్బులు దండగ కాలేదు, నామస్మరణకైనా పనికొచ్చిందన్నారట. నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఫైలు తెరిచి చూడొచ్చు కదే, నీకు రాదా అన్నాను. కోపంగానే అన్నాను. నీ ఆట కదా అంది తను. వెనక పేజీలు చూస్తానా నేను అంది.

సంచిలోంచి ఫ్లాపీ తీశాను. తను దాన్ని చూసి తల అడ్డంగా ఊపింది. ఉప్పుగాలికి మిషన్ ఎప్పుడో పాడైంది, పాత ఇనుము వాడికి వేసేశారు. ఆ బల్ల మీద ఇప్పుడు మిక్సీ ఉంది.

"ఆ ఆఖరి ముక్క ఏమిటో నోటితోనే చెప్పు."

అంత చిన్న మాట. ఏళ్లుగా కంఠతా వచ్చిన మాట. తెరమీద రాయడానికి ఏ ఇబ్బందీ లేకపోయింది. మనిషి మొహం చూస్తూ చెప్పడానికి మాత్రం నేల చూడాల్సివచ్చింది. వెళ్లి మళ్లీ రావే, ఆదివారాలు ఒక్కదాన్నే ఉంటా, ఫోన్ చెయ్యి అని చెప్పాను. చెప్తుంటేనే తెలిసింది, అందులో ఇక నిజం లేదని. ఆ సెంటర్ మూసేశారు. ఆ ఫోన్ తీసేశారు. ఆ మెట్లెక్కి తలుపు తడితే ఇప్పుడు నిజంగానే తాళం వేసి ఉంటుంది.

ఆదివారాలు ఇంకా ఒక్కదానివేనా అని అడిగింది తను. అవునన్నాను. మరి ఎక్కడికి రమ్మంటావు అంది. దానికి నేను జవాబు రాసి పెట్టుకోలేదు. నా గది గుర్తులు చెప్పాను. కోర్టు దాటాక రెండో సందు, పెంకుటిల్లు, పక్కనుంచి వెనక్కి వెళ్తే ఆకుపచ్చ తలుపు. తను ఆకుపచ్చ తలుపు అని ఒకసారి అనుకుంది. లోపల్నుంచి అత్తగారు పిలిస్తే లేచి వెళ్లింది. బస్సు దాకా రాలేకపోయింది, వాకిట్లో నిలబడి వెళ్లిరా అంది.

రెండో గ్లాసు కొన్నాను. ఆదివారాలు తలుపు దగ్గరికి వేసేదాన్నిగానీ గడియ పెట్టేదాన్ని కాదు. తను రాలేదు. రాలేదని ఈసారి అలగలేదు. మంచంలో మనిషిని పెట్టుకుని ఎలా వస్తుంది? తోచకపోతే పాత పేపర్లు చదివేదాన్ని. మధ్యాహ్నం గాలికి తలుపు కదిలినప్పుడల్లా చూసేదాన్ని, అది ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

అప్పటికి నేను ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. వానాకాలంలో ఒక మామూలు రోజు, పిల్లలకి పరీక్షలని ఆలస్యంగా ఇంటికొచ్చాను. ఇంటావిడ ఎప్పట్లా గడప అవతల కాకుండా నా తలుపు ముందు మెట్టు మీదే నిలబడి ఉంది. చేతిలో స్టీలు డబ్బా ఉంది.

"అవనిగడ్డ వైపు నుంచటమ్మా, ఎవరో ఆవిడ వచ్చారు. అత్తగారి మందులకని బందరు వచ్చారట. తాళం చూసి ఈ మెట్టు మీదే కూర్చున్నారు చాలాసేపు. మా ఇంట్లోకి రమ్మన్నా రాలేదు. చీకటి పడితే బస్సులుండవని ఇందాకే వెళ్లిపోయారు. మళ్లీ వస్తానని చెప్పమన్నారు."

డబ్బాలో ఉప్పులో ఊరేసిన మామిడికాయ ముక్కలున్నాయి. ఇంకేమైనా చెప్పిందా అండీ అని అడిగాను. అంతేనమ్మా అంది ఇంటావిడ. తాళం తీసి లోపలికి వెళ్లి, లైటు వేసుకోకుండా కూర్చున్నాను. మళ్లీ వస్తానన్న ఆ మాట చాలు అనిపించింది. చాలలేదు కూడా.